పురిటి నొప్పులకి స్పైనల్: ఎంత మందు, ఎప్పుడు, దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: చెల్లెలికి రెండో కాన్పు, మొదటిది నార్మల్ డెలివరీ. ఊళ్లోని నర్సింగ్ హోమ్‌లో ఎపిడ్యూరల్ (వెన్నులో సన్నని గొట్టం పెట్టి గంటల తరబడి మందు ఎక్కించే పద్ధతి) ఇవ్వరు. నొప్పులు మరీ ఓర్చుకోలేకపోతే మత్తు డాక్టరుని పిలిపించి వెన్నులో ఒక్క సూదితో ఇచ్చే స్పైనల్ మత్తు ఇప్పిస్తామన్నారు. సిజేరియన్‌కి ఇచ్చేదీ అదే కదా, కాళ్లు పడిపోతే బిడ్డను ఎలా ముక్కుతుంది, ఆ తర్వాత నడుం నొప్పి జీవితాంతం పట్టుకుంటుందా అని మీ అనుమానం.

మందు అదే. మోతాదు నాలుగో వంతు. తేడా అంతా అక్కడే ఉంది.

సిజేరియన్‌కి మామూలుగా వాడేది 0.5 శాతం బుపివకైన్ హెవీ అనే మొద్దుబరిచే మందు. ఒక మి.లీ.లో 5 మి.గ్రా. ఉంటుంది. ఆపరేషన్‌కి 2 నుంచి 2.4 మి.లీ., అంటే 10–12 మి.గ్రా. ఎక్కిస్తారు. రొమ్ముల దాకా మొద్దుబారాలి, కాళ్లు పూర్తిగా కదలకుండా పోతాయి. పురిటి నొప్పులకైతే 2.5 మి.గ్రా. చాలు, అంటే అర మి.లీ. దానికి ఫెంటనిల్ అనే మార్ఫిన్ జాతి నొప్పి మందు 15 నుంచి 25 మైక్రోగ్రాములు కలుపుతారు. ఫెంటనిల్ మి.లీ.కి 50 మైక్రోగ్రాములు ఉంటుంది కాబట్టి అర మి.లీ. తీస్తే 25 వస్తుంది. రెండూ కలిసి ఒక మి.లీ.

ఈ జంటలో నొప్పిని తగ్గించే పని చాలావరకు ఫెంటనిల్‌దే. అది నొప్పి కబురుని వెన్నుపాములోనే ఆపుతుంది, కండరాల జోలికి పోదు. బుపివకైన్ కొంచెమే కాబట్టి కాళ్లు బరువెక్కుతాయేమో గానీ పడిపోవు. మోకాలు మడవగలదు, పక్కకి తిరగగలదు. అయినా లేపి నడిపించకూడదు. మడమ మంచం మీంచి ఎత్తి నిలపగలిగినా, పాదం ఎక్కడుందో తెలియక తూలిపడే అవకాశం ఉంటుంది.

ఇంత చిన్న మోతాదు కొలవడానికి చాలాచోట్ల ఇన్సులిన్ సిరంజి వాడతారు. ఇక్కడొక గొయ్యి ఉంది. మన దగ్గర మామూలుగా దొరికే 40 యూనిట్ల సిరంజిలో అర మి.లీ. అంటే 20 గీతలు. 100 యూనిట్ల సిరంజిలో అదే 20 గీతలు 0.2 మి.లీ. మాత్రమే. సిరంజి రకం చూడకుండా గీతలు లెక్కపెడితే సగం మందు కూడా పడదు, లేదా ఎదురు లెక్కలో రెండున్నర రెట్లు మందు పడుతుంది. ఒక మి.లీ. మామూలు సిరంజితో కొలిస్తే ఈ గొడవే ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి, గడియారం. స్పైనల్ అంటే ఒక్క సూది, ఒక్క మోతాదు. మూడు నుంచి ఐదు నిమిషాల్లో పనిచేయడం మొదలెడుతుంది, గంటన్నర నుంచి రెండు గంటలు ఉంటుంది, అంతే. ఎపిడ్యూరల్‌లో వెన్నులో సన్నని గొట్టం వదిలిపెడతారు కాబట్టి ఎన్ని గంటలైనా మందు ఎక్కిస్తూ పోవచ్చు. స్పైనల్‌లో అలా పొడిగించే దారి లేదు. ప్రభావం దిగిపోయాక నొప్పి మెల్లమెల్లగా రాదు, ఒక్కసారిగా మీద పడుతుంది. అంతసేపు హాయిగా ఉన్న మనిషికి అది మొదటికంటే ఎక్కువనిపిస్తుంది.

అందుకే తొలిచూలుకి గర్భసంచి ముఖద్వారం 4 సెం.మీ. తెరుచుకున్న దగ్గరే ఒంటి స్పైనల్ ఇవ్వడం నా లెక్కలో మంచి పని కాదు. 5 సెం.మీ. దాటాక కూడా తొలి కాన్పులో పది, పన్నెండు గంటలు పట్టవచ్చు. రెండు గంటల మందు పెట్టుకుని ఏం చేస్తాం? మీ చెల్లెలి విషయం వేరు. రెండో కాన్పు, గర్భసంచి ముఖద్వారం 7–8 సెం.మీ. తెరుచుకుంది, తల దిగుతోంది, బిడ్డ గుండె బాగుంది అంటే, మిగిలిన పని చాలామందికి ఆ రెండు గంటల్లో పడుతుంది. ఒంటి స్పైనల్ సరిగ్గా అతికేది అలాంటి చోటే. నర్సింగ్ హోమ్ వాళ్లు చెప్పింది తప్పేం కాదు, వేళ కుదరాలి అంతే.

వేళ కుదరాలంటే కబురు ముందే వెళ్లాలి. మత్తు డాక్టరు బయటినుంచి రావాలి కాబట్టి 8 సెం.మీ. అయ్యాక ఫోన్ చేస్తే ఆయన చేతులు కడుక్కునేలోపే బిడ్డ పుట్టేస్తుంది. రెండో కాన్పులో 7 నుంచి 10కి, అంటే పూర్తిగా తెరుచుకోవడానికి, గంట కూడా పట్టకపోవచ్చు. 5 సెం.మీ. దగ్గర ఫోను, 7 దగ్గర సూది అనుకుంటే సరిపోతుంది. కాన్పు తేదీకి వారం ముందే ఆయన ఒకసారి చూసి రిపోర్టులు చదివి ఉంచితే ఇంకా మంచిది. నొప్పుల మధ్య సంతకం పెట్టించుకోవడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

రిపోర్టుల్లో చూసేవి ఎక్కువ లేవు. ప్లేట్‌లెట్లు 70 వేలకి పైన ఉండి, రోజురోజుకీ పడిపోకుండా ఉంటే చాలామంది ఇస్తారు. కొందరు 80 వేలు, లక్ష దాకా పట్టుబడతారు. బీపీ ఎక్కువై, కాలేయం పరీక్షలు తేడాగా ఉన్న మనిషికి నిన్నటి లెక్క పనికిరాదు, ఆరు గంటల్లోపు చేసిన పరీక్ష కావాలి. బీపీ రాకుండా గర్భం పొడుగునా వేసుకునే చిన్న మోతాదు ఆస్పిరిన్ ఒక్కటే అయితే అడ్డు కాదు. రక్తం గడ్డకట్టకుండా బొడ్డు పక్కన వేసుకునే ఎనాక్సాపారిన్ సూది అడ్డే. రోజుకి ఒకటి చొప్పున చిన్న మోతాదైతే చివరి సూదికీ స్పైనల్‌కీ మధ్య 12 గంటలు, పెద్ద మోతాదైతే 24 గంటలు ఉండాలి. ఐవీఎఫ్ గర్భాల్లో దీన్ని తరచుగా రాస్తుంటారు. నొప్పులు మొదలయ్యాయని అనుమానం రాగానే తర్వాతి సూది ఆపి ఆసుపత్రికి ఫోన్ చేయడం ఇంట్లోవాళ్లు గుర్తుపెట్టుకోవలసిన మాట. సూది గుచ్చే చోట చీము, పుండు ఉన్నా, రక్తం బాగా పోతున్నా, జ్వరంతో ఒంట్లో ఇన్ఫెక్షన్ పాకినా ఇవ్వరు. ఆమె వద్దంటే అసలు మాటే లేదు, అత్తగారు సరేనన్నా సరే.

సూది వేసే తీరు చెబుతాను, ఎందుకంటే సగం భయం తెలియకపోవడం వల్లనే. ముందు చేతికి 18 గేజ్ కాన్యులా పెట్టి ఆర్‌ఎల్ సెలైన్ మొదలుపెడతారు. మంచం అంచున కూర్చోబెట్టి, కాళ్లకింద పీట వేసి, గడ్డం గుండెకి ఆనించి, భుజాలు వదులు చేసి, నడుము వెనక్కి గూనిలా తోయమంటారు. ఈ ఒక్క పని సరిగ్గా జరిగితే మిగతాది నిమిషాల పని. నడుము నిటారుగా ఉంటే వెన్నుపూసల మధ్య సందు మూసుకుపోతుంది, సూది ఎముకకి తగులుతుంది, మళ్లీ మళ్లీ గుచ్చవలసి వస్తుంది. ఎదురుగా ఎవరైనా నిలబడి భుజాలు పట్టుకుంటే మేలు. నొప్పి వస్తోందంటే వెంటనే చెప్పాలి, డాక్టరు ఆగుతారు. కదలకుండా ఓర్చుకుందామని నోరు మూసుకుంటే, చివర్లో తెలియకుండా ఎగిరిపడతారు.

క్లోర్‌హెక్సిడిన్ స్పిరిట్‌తో తుడిచి ఆరనిస్తారు. ఆరకముందే గుచ్చకూడదు. ఆ ద్రవం సూదితో లోపలికి వెళ్తే నరాలకి హాని. తర్వాత ఆ చోటు మొద్దుబారడానికి లిగ్నోకైన్ చర్మంలోకి, అది చీమ కుట్టినట్టు మండుతుంది. అసలు సూది ఎల్3–ఎల్4 (నడుము పూసల్లో పైనుంచి మూడోది, నాలుగోది) సందులో గానీ, దాని కింద సందులో గానీ. పెద్దవాళ్లలో వెన్నుపాము ఎల్1–ఎల్2 దగ్గరే ముగుస్తుంది. ఆ కిందంతా నీటిలో తేలే నరాల పోగులే కాబట్టి వెన్నుపాముకి గుచ్చుకునే ప్రశ్న రాదు. రెండు తుంటి ఎముకల పైఅంచులని కలిపే గీత సుమారుగా ఎల్4 దగ్గర పోతుంది. నిండు గర్భిణిలో, ఒంటి మీద వాపు, కొవ్వు ఉన్నప్పుడు చేత్తో తడిమి పెట్టుకున్న ఆ గుర్తు అసలు చోటు కంటే ఒక సందు పైకి పడటం మామూలే. అనుమానముంటే కింది సందే మంచిది. సూది వెళ్తుండగా ఒక కాల్లోకి కరెంటు కొట్టినట్టు జివ్వుమంటే ఏ కాలో చెప్పాలి. డాక్టరు సూది వెనక్కి లాగుతారు. ఆ జివ్వుమనడం ఆగకుండా మందు ఎక్కించకూడదు.

తేటగా వెన్నునీటి చుక్క కనిపించాక మందు ఎక్కిస్తారు. ఎక్కించగానే పడుకోబెట్టి ఎడమవైపుకి తిప్పాలి. హెవీ మందు నీటికంటే బరువు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి ఉంచితే అడుక్కి దిగి కూర్చునే భాగం మాత్రమే మొద్దుబారుతుంది, పొత్తికడుపు నొప్పి అలాగే ఉంటుంది. కారణం ఏమిటంటే, ముఖద్వారం తెరుచుకునే నొప్పి టి10 (వీపు పూసల దగ్గరి పదో నరం) నుంచి ఎల్1 నరాల్లో, అంటే బొడ్డు నుంచి గజ్జల దాకా ఉన్న దారిలో వస్తుంది. బిడ్డ తల కిందికి వచ్చాక యోనిమార్గం సాగే నొప్పి వెన్ను అడుగున ఉండే ఎస్2 నుంచి ఎస్4 నరాలది. ఫోర్‌సెప్స్ వేయాలన్నప్పుడు కావాలనే కూర్చోబెట్టి ఆ కింది నరాలకే మత్తు ఇస్తారు, దాన్నే శాడిల్ బ్లాక్ అంటారు. నొప్పులకి ఇచ్చేటప్పుడు బొడ్డు దాకా పైకి రావాలి. స్పిరిట్ దూది బొడ్డు దగ్గర ఆనిస్తే చల్లదనం తెలియకపోతే సరిపోయినట్టే. మొదటి గుర్తు మాత్రం పాదాలు వెచ్చబడటం.

ఆ తర్వాతి అరగంట ముఖ్యం. మత్తు డాక్టరు సూది వేసి బ్యాగ్ సర్దుకుని వెళ్లిపోయే చోట ఇది చేయించుకోవద్దు. మొదటి పావుగంట రెండు మూడు నిమిషాలకోసారి బీపీ చూడాలి. కాళ్ల రక్తనాళాలు వదులై బీపీ పడుతుంది, వెల్లకిలా పడుకుంటే గర్భసంచి పెద్ద రక్తనాళాన్ని నొక్కి ఇంకా పడుతుంది. ఆమెకి వికారంగా ఉందంటే చాలామంది వాంతుల సూది కోసం వెతుకుతారు. ముందు బీపీ చూడండి, పది సార్లలో తొమ్మిది సార్లు అదే కారణం. ఎడమకి తిప్పి, సెలైన్ వేగం పెంచి, ఫెనైలెఫ్రిన్ 50–100 మైక్రోగ్రాములో, ఎఫిడ్రిన్ 5–6 మి.గ్రా.నో, మన దగ్గర ఎక్కువగా దొరికే మెఫెంటెర్మిన్ 3–6 మి.గ్రా.నో ఇస్తే నిమిషంలో సర్దుకుంటుంది.

అదే అరగంటలో బిడ్డ గుండె వేగం కొన్నిసార్లు తగ్గుతుంది, తల్లి బీపీ బాగున్నా సరే. నొప్పి ఒక్కసారిగా పోవడంతో తల్లి ఒంట్లో అడ్రినలిన్ పడిపోతుంది. గర్భసంచిని వదులుగా ఉంచేది అదే కాబట్టి సంచి కాసేపు బిగుసుకుంటుంది. నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ డ్రిప్ నడుస్తుంటే ఆపాలి, పక్కకి తిప్పాలి, అవసరమైతే సంచిని వదులు చేసే టెర్బుటలిన్ 250 మైక్రోగ్రాములు చర్మం కింద ఇవ్వాలి. ఎక్కువమందిలో కొద్ది నిమిషాల్లో మామూలవుతుంది. ఇది తెలియని చోట కంగారుపడి ఆపరేషన్ థియేటర్‌కి పరిగెడతారు. స్పైనల్ వల్లే సిజేరియన్ అయిందన్న పేరు ఇలాంటి సందర్భాల నుంచే పుట్టింది.

ముక్కు, ముఖం దురద పెడితే అది ఫెంటనిల్ పని, ఎలర్జీ కాదు. దద్దుర్లు ఉండవు. ఎవిల్ సూది ఇస్తే నిద్ర వస్తుంది గానీ దురద పెద్దగా తగ్గదు. గంటా గంటన్నరలో దానంతట అదే పోతుంది. వణుకు వస్తే దుప్పటి కప్పండి. మూత్రం నిండినా తెలియదు కాబట్టి నర్సు గుర్తుపెట్టుకుని ఖాళీ చేయించాలి, నిండిన మూత్రాశయం బిడ్డ తలకి అడ్డుపడుతుంది.

ముక్కే సంగతి. గర్భసంచి తనంతట తాను ముడుచుకునే కండరం, స్పైనల్ దాన్ని ఆపదు. ముక్కడానికి కావలసిన పొట్ట కండరాలు కూడా ఈ మోతాదుకి పనిచేస్తూనే ఉంటాయి. తగ్గేది ముక్కాలన్న తహతహ. అప్పుడు నర్సు పొట్ట మీద చెయ్యి వేసి, సంచి గట్టిపడినప్పుడు ముక్కమని చెబితే సరిపోతుంది. 7–8 సెం.మీ. దగ్గర ఇచ్చిన మందు ముక్కే వేళకి కొంత దిగిపోయి ఉంటుంది, అదీ ఒకందుకు మంచిదే. కుట్లు వేసే సమయానికి పూర్తిగా దిగిపోతే ఆ చోట లిగ్నోకైన్ ఇచ్చే కుట్టాలి. స్పైనల్ ఇచ్చాం కదా అని ఊరికే కుట్టనివ్వకండి.

పని చేయకపోవడమూ ఉంటుంది. సూది కొన కాస్త కదిలి సగం మందు బయటే ఉండిపోతే 15 నిమిషాలైనా తేడా కనిపించదు. దీనికి తప్పు పట్టనక్కర్లేదు. ఎదురు దిక్కులో, మందు మరీ పైకి ఎక్కితే చేతివేళ్లు తిమ్మిరెక్కుతాయి, పట్టు సడలుతుంది, గొంతు గుసగుసలా మారుతుంది. చిన్న మోతాదుతో ఇది చాలా అరుదు. అయినా ఆక్సిజన్, బ్యాగ్-మాస్క్, గొట్టం వేసే సామాను, సక్షన్ ఆ గదిలో చేతికందేలా ఉండాలి. పక్క గదిలో తాళం వేసి ఉంటే లేనట్టే.

ఇంకొక ప్రమాదం గురించి ఆసుపత్రి వాళ్లు చదువుతుంటే వాళ్ల కోసం. రక్తస్రావానికి వాడే ట్రానెగ్జామిక్ యాసిడ్ యాంప్యూల్‌ని బుపివకైన్ అనుకుని వెన్నులోకి ఎక్కించిన సంఘటనలు జరిగి, 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది. వెన్నులో అది మూర్ఛలు తెప్పించి ప్రాణం తీస్తుంది. కాన్పు గదిలో రెండూ ఉంటాయి, యాంప్యూళ్లు ఒకేలా కనిపిస్తాయి. మత్తు ట్రేలో అది ఉండనే కూడదు. మందు తీసేముందు పేరు పైకి చదవాలి.

మధ్యలో సిజేరియన్ అవసరమైతే మళ్లీ స్పైనల్ ఇవ్వవచ్చు, కాకపోతే ముందు మత్తు ఎక్కడిదాకా ఉందో చూసి, మోతాదు తగ్గించి ఇస్తారు. ముందే ఎపిడ్యూరల్ గొట్టం ఉన్నవాళ్లకి ఇంకో సూది లేకుండా దాంట్లోంచే ఆపరేషన్ మత్తు ఇవ్వొచ్చు. తొలిచూలుకీ, నొప్పులు తెప్పిస్తున్నవాళ్లకీ ఎపిడ్యూరల్ ఉన్న ఆసుపత్రి వెతుక్కోమని చెప్పేది అందుకే. కొన్నిచోట్ల రెండూ కలిపి ఇస్తారు. ముందు ఎపిడ్యూరల్ సూది, అందులోంచి సన్నని స్పైనల్ సూది, ఆపైన గొట్టం. వెంటనే ఉపశమనం, తర్వాత ఎంతసేపైనా కొనసాగింపు.

ఇక తలనొప్పి. ఇది స్పైనల్ పుట్టినప్పటి నుంచీ దాంతోనే ఉంది. 1898లో జర్మనీలోని కీల్ నగరంలో ఆగస్ట్ బీర్ అనే సర్జన్ కొకైన్‌తో మొదట స్పైనల్ మత్తు ఇచ్చాడు. తన మీద కూడా చేయించుకుని రోజుల తరబడి తలనొప్పితో మంచం పట్టాడు. రెండేళ్లకి, 1900లో, స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో ఓస్కార్ క్రైస్ అదే పద్ధతిని పురిటి నొప్పులకి వాడాడు. ఆ తలనొప్పికి కారణం సూది చేసిన రంధ్రంలోంచి వెన్నునీరు కారడం. అందుకే సూది ఎంత సన్నం, కొన ఎలాంటిది అన్నదే ప్రశ్న. కత్తిలా కోసే క్విన్కీ కొన కంటే, పోగులని పక్కకి జరిపే పెన్సిల్ కొన సూది, 25 లేదా 27 గేజ్‌ది, చాలా మేలు. నూటికి ఒకరికో ఇద్దరికో మాత్రమే తలనొప్పి వస్తుంది. ధర ఎక్కువ కాబట్టి చిన్న ఆసుపత్రుల్లో క్విన్కీయే ఉంటుంది. పెన్సిల్ పాయింట్ సూది కావాలని ముందే అడగండి, తెప్పిస్తారు.

ఈ తలనొప్పి ఒకటి నుంచి మూడో రోజు మధ్య మొదలవుతుంది. కూర్చుంటే, నిలబడితే నుదురు, మెడ వెనక పట్టేస్తుంది, పడుకుంటే తగ్గుతుంది. ఇరవైనాలుగు గంటలు తలగడ లేకుండా పడుకోబెట్టడం వల్ల ఇది రాకుండా ఆగదు, ఆ నియమం పాత అలవాటు. మన ఇళ్లలో బాలింతకి నీళ్లు తగ్గించే పద్ధతి మాత్రం ఖచ్చితంగా చెడు చేస్తుంది. దాహం తీరా తాగనివ్వండి. పారాసెటమాల్, కాఫీ కొంత ఉపయోగపడతాయి. చెవుల్లో దూది పెట్టి చలిగాలి అనుకుంటూ కూర్చోవద్దు. రెండు రోజులైనా బిడ్డకి పాలివ్వడానికి కూర్చోలేకపోతే బ్లడ్ ప్యాచ్ అడగాలి. ఆమె చేతి నుంచే 15–20 మి.లీ. రక్తం తీసి వెన్నులో ఆ రంధ్రం దగ్గర ఎక్కిస్తారు. చాలామంది గంటల్లోనే లేచి కూర్చుంటారు. పడుకున్నా తగ్గని తలనొప్పి, కళ్లు మసకలు, బీపీ ఎక్కువ, ఫిట్స్, జ్వరం వీటిలో ఏదున్నా అది ఈ తలనొప్పి కాదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

నడుం నొప్పి గురించి ఎంత చెప్పినా నమ్మనివాళ్లు ఉంటారు. సూది గుచ్చిన చోట కొద్దిరోజులు నొక్కితే నొప్పి ఉంటుంది, అది నిజం. నెలల తరబడి ఉండే నొప్పి సూదిది కాదు. గర్భంలో సాగిన కీళ్లు, సడలిన పొట్ట, వంగి పాలివ్వడం దానికి కారణాలు. వెన్నులో ఏ సూదీ వేయించుకోని బాలింతల్లోనూ అది అంతే ఉంటుంది. కాన్పయ్యాక పాదం వేలాడినట్టయితే ఎక్కువసార్లు బిడ్డ తల కటిలో నరాన్ని నొక్కడం వల్లో, కాళ్లు కట్టిపెట్టిన స్టాండు మోకాలి పక్క నరాన్ని నొక్కడం వల్లో వస్తుంది. అయినా డాక్టరు చూడాలి. ఇంటికి వచ్చాక గుర్తుంచుకోవలసింది వేరే ఉంది. మత్తు పూర్తిగా దిగాక కాళ్లు మళ్లీ బలహీనపడటం, మూత్రం తెలియకుండా పోవడం లేదా అసలు రాకపోవడం, కూర్చునే చోట స్పర్శ లేకపోవడం, నడుం నొప్పితో జ్వరం. ఇవి చాలా అరుదు. వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు, ఆ రాత్రే ఎమ్మారై తీయాలి. లోపల రక్తం గడ్డకట్టి నరాలని నొక్కుతుంటే గంటల్లో తీసేస్తేనే కాళ్లు దక్కుతాయి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల్లో సిజేరియన్లు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దానికి కారణాలు చాలా ఉన్నాయి, నొప్పుల భయం వాటిలో ఒకటి. నొప్పులు పడుతున్న మనిషికి డ్రోటిన్, ఎపిడోసిన్ సూదులు ఇచ్చి నొప్పికి ఇచ్చామని చెప్పే చోట్లున్నాయి. అవి ముఖద్వారం తెరుచుకోవడానికి వాడేవి, నొప్పి తగ్గించేవి కావు. అదే అర్ధరాత్రి ఆపరేషన్‌కి మత్తు డాక్టరు దొరుకుతారు, నొప్పులకి దొరకరు.

నర్సింగ్ హోమ్‌లో అడగవలసినవి: రాత్రి రెండు గంటలకి పిలిస్తే మత్తు డాక్టరు ఎంతసేపట్లో వస్తారు, సూది వేశాక కనీసం అరగంట ఆమె పక్కనే ఉంటారా, బిడ్డ గుండె ఆ అరగంటా ఆపకుండా చూసే మిషను ఉందా, పెన్సిల్ కొన సూది ఉందా, అవసరమైతే థియేటర్ వెంటనే తెరుస్తారా. డిశ్చార్జి చీటీ మీద మందు మోతాదు, సూది గేజ్, ఎన్నిసార్లు గుచ్చారు, మత్తు డాక్టరు ఫోన్ నంబరు రాయించుకోండి. మూడో రోజు తలనొప్పి వస్తే ఆ చీటీయే మొదట కావాలి.